బీమా కంపెనీ ఐపీ పెట్టింది, కేసు మాత్రం పోలేదు: ఒక విశాఖ డాక్టరమ్మ ఫైలు

ఈ ఫైలు ఇరవై ఏళ్ల నాటిది. డాక్టరమ్మ అనుమతితోనే రాస్తున్నాను. ఆమెనూ ఇద్దరు పేషెంట్లనూ ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు, అంకెలు మార్చాను. అమెరికా రాష్ట్రం పేరు, కంపెనీ పేరు తీసేశాను. చట్టం, జరిగిన వరుస మాత్రం ఉన్నదున్నట్టే. పాత ఫైలు ఇప్పుడెందుకంటే, విశాఖలో డాక్టర్ల తరఫున కన్స్యూమర్ కేసులు చూసే నన్ను నర్సింగ్ హోమ్‌ల వాళ్లు ఈ మధ్య తరచూ ఒక మాట అడుగుతున్నారు. నెగ్లిజెన్స్ కేసు నడుస్తుండగా పాలసీ ఇచ్చిన కంపెనీయే మునిగిపోతే మా సంగతేమిటి అని. సెక్షన్లు చదివి వినిపించే కన్నా ఈ ఫైలు చూపిస్తే తొందరగా అర్థమవుతుంది.

డాక్టరమ్మ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, కేజీహెచ్‌లో హౌస్‌సర్జన్సీ చేసి, 1970లలో అమెరికా వెళ్లారు. పాతికేళ్లకు పైగా అక్కడ గైనకాలజిస్టుగా పనిచేసి 2000లో రిటైరయ్యారు. లాసన్స్ బే కాలనీలో ఫ్లాట్ కొనుక్కుని వచ్చేశారు. వచ్చేముందు ఒక పెద్ద మొత్తం కట్టి టెయిల్ కవర్ తీసుకున్నారు. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి అదేమిటో కాస్త చెప్పాలి.

అక్కడి డాక్టర్ల పాలసీల్లో చాలావరకు క్లెయిమ్స్ మేడ్ పద్ధతివి. ఆపరేషన్ జరిగిన ఏడాది ఏ పాలసీ ఉందన్నది కాదు, క్లెయిమ్ కంపెనీ దృష్టికి వచ్చిన రోజున ఏ పాలసీ నడుస్తోందన్నది లెక్క. రిటైరైతే పాలసీ ఆగిపోతుంది. కానీ కేసులు ఆగవు. గైనకాలజీలో మరీను. పుట్టిన బిడ్డ మైనరు కాబట్టి చాలా రాష్ట్రాల్లో ఏళ్ల తర్వాత కూడా దావా వేయొచ్చు. ఆ వెనకటి క్లెయిముల కోసం రిటైరయ్యేటప్పుడు ఒకేసారి ప్రీమియం కట్టి కొనేదే టెయిల్. ఏడాది ప్రీమియానికి ఒకటిన్నర, రెండు రెట్లు ఉండటం మామూలు. ఆమె పాలసీ పరిమితి ఒక్కో క్లెయిమ్‌కు 10 లక్షల డాలర్లు, మొత్తం మీద 30 లక్షలు. డబ్బు కట్టేశాం, ఇక నిశ్చింత అనుకున్నారు. అప్పటికే ఒక కేసు కోర్టులో నడుస్తోంది, దాన్ని కంపెనీ పెట్టిన లాయరు చూసుకుంటున్నాడు.

రెండేళ్లు తిరక్కుండా కంపెనీ ఐపీ పెట్టింది.

పోర్టులో ఉద్యోగం చేసే ఆమె తమ్ముడు అమెరికా నుంచి దారి మళ్లి వచ్చిన కవర్ల కట్ట పట్టుకుని నా ఆఫీసుకు వచ్చాడు. "అక్కకి రెండు రోజులుగా నిద్ర లేదండీ, ఇక్కడి ఫ్లాట్ కూడా రాసిచ్చేయాలా అంటోంది" అన్నాడు. అమెరికా చట్టంలో నేను ప్రాక్టీసు చేసేవాణ్ని కాను. అక్కడ ఆమె సొంతంగా పెట్టుకున్న లాయరుతో కలిసి పనిచేశాను. నా వంతు పని విశాఖ వైపుది. కానీ ఆ కట్టలోని కాగితాలు అర్థం చేసుకోకుండా విశాఖ వైపు పని కూడా జరగదు.

ఎందుకు మునిగింది అన్నది ఆ కంపెనీ ఒక్కదాని కథ కాదు. 1990లలో అమెరికాలో మెడికల్ మాల్‌ప్రాక్టీస్ (వైద్యంలో నిర్లక్ష్యం) బీమా కంపెనీలు పోటీపడి ప్రీమియంలు తగ్గించాయి. సొంత రాష్ట్రం దాటి, అలవాటు లేని మార్కెట్లలోకి పరుగెత్తాయి. ఈ వ్యాపారంలో ప్రీమియం ఇవాళ వస్తుంది, చెల్లింపు ఐదారేళ్ల తర్వాత వస్తుంది. మధ్యలో పక్కన పెట్టాల్సిన రిజర్వు తక్కువ వేసుకుంటే బ్యాలెన్స్ షీటు కొన్నేళ్లు అందంగానే కనబడుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా బయటపడుతుంది. ఒహాయోలో పీఐఈ మ్యూచువల్ 1998లో లిక్విడేషన్‌లోకి, అంటే కంపెనీని మూసి ఉన్న ఆస్తులను అప్పులవాళ్లకు పంచే దశలోకి, వెళ్లింది. పెన్సిల్వేనియాలో రిలయన్స్ ఇన్సూరెన్స్ 2001 అక్టోబరులో (మన రిలయన్స్‌కీ దానికీ సంబంధం లేదు), అదే రాష్ట్రంలో ఆస్పత్రులకు, డాక్టర్లకు బీమా ఇచ్చే ఫైకో 2002 ఫిబ్రవరిలో అదే దారి పట్టాయి. ఈ రంగంలో అతి పెద్దదైన సెయింట్ పాల్ మునగలేదు గానీ, నష్టాలు భరించలేక 2001 డిసెంబరులో మాల్‌ప్రాక్టీస్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. డాక్టరమ్మ కంపెనీ ఆ వరసలోదే.

కట్టలో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం కోర్టు ఇచ్చిన లిక్విడేషన్ ఆర్డరు. అమెరికాలో బీమా కంపెనీలకు ఫెడరల్ దివాలా చట్టం వర్తించదు. ఏ రాష్ట్రంలో కంపెనీ పుట్టిందో ఆ రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్ కోర్టుకెళ్లి, తానే లిక్విడేటరుగా కూర్చుంటాడు. ఆర్డరులో మూడు సంగతులు డాక్టరమ్మ మెడకు చుట్టుకునేవి. ఒకటి, ఆర్డరు తేదీ నుంచి 30 రోజుల్లో పాలసీలన్నీ రద్దు, టెయిల్ సహా. రెండు, నడుస్తున్న కేసులకు కొన్నాళ్లు స్టే. మూడు, లిక్విడేటరు దగ్గర క్లెయిమ్ దాఖలు చేయడానికి ఒక ఆఖరి తేదీ.

టెయిల్ డబ్బు వెనక్కి వస్తుందా అని ఆమె అడిగిన మొదటి ప్రశ్న. రాదు. ఆ ప్రీమియం కట్టిన రోజే కంపెనీ పూర్తిగా సంపాదించుకున్నట్టు పాలసీలోనే రాసి ఉంది. జీవితాంతం పనికొస్తుందని కొన్నది ముప్పై రోజుల్లో ముగిసిపోయింది.

మరి దిక్కెవరు? అక్కడ ప్రతి రాష్ట్రంలోనూ చట్టం పెట్టిన గ్యారంటీ అసోసియేషన్ ఒకటి ఉంటుంది. ఒక కంపెనీ మునిగాక, ఆ రాష్ట్రంలో వ్యాపారం చేస్తున్న మిగతా కంపెనీల దగ్గర వాళ్ల ప్రీమియంలో కొంత శాతం చొప్పున వసూలు చేసి, మునిగిన కంపెనీ క్లెయిములు తీరుస్తుంది. న్యూయార్క్ ఒక్కటి ముందే నిధి పోగేసి పెట్టుకునే పద్ధతి పాటిస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ అసోసియేషన్ పాత కంపెనీకి వారసుడు కాదు. పాలసీలో 10 లక్షల డాలర్లని రాసి ఉన్నా, అసోసియేషన్ తన చట్టంలో రాసి ఉన్నంతే ఇస్తుంది. ఎక్కువ రాష్ట్రాల్లో ఆ పరిమితి ఒక్కో క్లెయిమ్‌కు 3 లక్షల డాలర్లు, కొన్ని చోట్ల 5 లక్షలు, ఇంకొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువ. డాక్టరమ్మ పనిచేసిన రాష్ట్రంలో 3 లక్షలు. పైన తేలే మొత్తానికి బాధ్యత తిరిగి డాక్టరు మీదే పడుతుంది.

డాక్టరమ్మకు ఇంకో భయం ఉండేది. తాను ఇండియాలో ఉంటోంది కాబట్టి ఆ రాష్ట్రపు రక్షణ తనకు దక్కదేమోనని. ఇది భయపడాల్సిన విషయం కాదని అక్కడి లాయరు వెంటనే తేల్చాడు. చట్టం చూసేది ఘటన జరిగిన నాటికి పాలసీదారుడో పేషెంటో ఆ రాష్ట్ర నివాసా కాదా అన్నదే. ఆపరేషన్ రోజున ఆమె అక్కడే ఉన్నారు. ఇప్పుడు ఎక్కడ ఉంటే ఏం. ఆస్తుల విలువ కోట్ల డాలర్లు దాటిన సంస్థలకు గ్యారంటీ వర్తించదన్న నిబంధన చాలా రాష్ట్రాల్లో ఉంది గానీ, అది పెద్ద ఆస్పత్రులకు తగిలేది, ఆమెకు కాదు.

మొదటి క్లెయిమ్

ఇది ఆర్డరుకు ముందే కోర్టులో ఉన్న కేసు. గర్భసంచి తీసే ఆపరేషన్‌లో మూత్రనాళం దెబ్బతింది, ఆలస్యంగా గుర్తించారు, పేషెంటుకు మళ్లీ ఆపరేషన్లు. కంపెనీ బతికి ఉన్నప్పుడు నాలుగున్నర లక్షల డాలర్ల దగ్గర రాజీ మాటలు నడుస్తున్నాయి. ఇంకో నెల కంపెనీ నిలబడి ఉంటే ఆ ఫైలు మూసేసేవారు.

లిక్విడేషన్ రాగానే మొదట జారుకున్నది డిఫెన్స్ లాయరు. అతణ్ని తప్పుపట్టలేను. అతనికి రావాల్సిన పాత బిల్లులు లిక్విడేటరు దగ్గర మామూలు అప్పుల వరసలో నిలబడ్డాయి, గ్యారంటీ అసోసియేషన్ వాటిని కట్టదు. కేసు నుంచి తప్పుకుంటానని కోర్టులో పిటిషన్ వేశాడు. స్టే కాలమంతా ఫైళ్లు కంపెనీ గోదాముల నుంచి అసోసియేషన్‌కు చేరడానికే పట్టింది. ఆ మధ్యకాలంలో ఎవరూ ఫోన్ ఎత్తరు. డాక్టరమ్మకు టెన్షన్ అంతా ఆ నెలల్లోనే. తర్వాత అసోసియేషన్ తన లాయర్ల జాబితా నుంచి ఒకర్ని పెట్టింది. కొత్తాయన ఫీజు తక్కువ, పని మాత్రం బాగా చేశాడు.

అసోసియేషన్ చట్టంలో ఇంకో మెలిక ఉంది. పేషెంటుకు వేరే బీమా ఏదైనా ఉంటే ముందు అది ఖర్చవ్వాలి. అందులోంచి వచ్చినది అసోసియేషన్ ఇచ్చే దాంట్లోంచి తగ్గిస్తారు. ఈ పేషెంటు ఆస్పత్రి బిల్లుల్లో ఎక్కువ భాగం హెల్త్ ఇన్సూరెన్స్ కట్టింది కాబట్టి ఆ మేరకు కోత పడింది. డాక్టరు కొన్న బీమా మునిగిందని, పేషెంటు తన జీతంలోంచి కొనుక్కున్న బీమాను లెక్కలోకి లాగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ ఈ నిధులు పరిమితమైనవి, ఇంకెక్కడా దారి లేనివాళ్లకే అన్నది ఆ చట్టాల వెనకున్న ఆలోచన.

అప్పుడు పేషెంటు లాయరు సహజంగానే డాక్టరమ్మ సొంత ఆస్తుల వైపు చూశాడు. అసోసియేషన్ ఇచ్చేది ఇవ్వనీ, మిగతాది ఆమే కట్టాలి అన్నాడు. నా పని మొదలైంది ఇక్కడే.

అమెరికాలో ఆమె ఇల్లు అమ్మేశారు. మిగిలింది 401కే రిటైర్మెంట్ ఖాతా. దాన్ని ఫెడరల్ చట్టం మామూలు అప్పులవాళ్ల చేతికి చిక్కనివ్వదు. కాబట్టి కళ్లన్నీ లాసన్స్ బే ఫ్లాట్ మీద. అక్కడి కోర్టు ఆమె మీద డిక్రీ ఇస్తే దాన్ని విశాఖలో అమలు చేయగలరా? దీని మీద ఒక అభిప్రాయం రాసివ్వమని అక్కడి లాయరు అడిగాడు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద, మన కేంద్ర ప్రభుత్వం పరస్పర దేశాలుగా ప్రకటించిన దేశాల పెద్ద కోర్టుల డిక్రీలను నేరుగా మన జిల్లా కోర్టులో అమలుకు వేయొచ్చు. బ్రిటన్, సింగపూర్ ఆ జాబితాలో ఉన్నాయి. అమెరికా లేదు. అంటే అమెరికా తీర్పును ఆధారంగా చూపి విశాఖ సివిల్ కోర్టులో కొత్తగా దావా వేసుకోవాలి. మూడేళ్లలోపు వేయాలి. మొత్తానికి తగ్గ కోర్టు ఫీజు కట్టాలి. ఆ తర్వాత 13వ సెక్షన్ వడపోత ఉంటుంది. ఆ కోర్టుకు అధికార పరిధి ఉందా, కేసు మెరిట్స్ మీద, అంటే సాక్ష్యాధారాలు చూసి, తేలిందా, మోసం ఏమైనా ఉందా, సహజ న్యాయం పాటించారా లాంటివి.

డాక్టరమ్మ తమ్ముడు ఇది విని ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే అక్కడికి లాయర్ని పంపడం మానేద్దామండీ, వాళ్లే ఎక్స్‌పార్టీ డిక్రీ తెచ్చుకుంటారు, ఇక్కడికి తెస్తే మెరిట్స్ మీద కాదని కొట్టేయించొచ్చు" అన్నాడు. సాక్ష్యం చూడకుండా, కేవలం ప్రతివాది రాలేదని ఇచ్చిన విదేశీ తీర్పు మెరిట్స్ మీద తేలినట్టు కాదని సుప్రీంకోర్టు 2001లో ఇంటర్నేషనల్ వూలెన్ మిల్స్ కేసులో చెప్పిన మాట నిజమే. కానీ ఆ దారి వద్దన్నాను. ఆమె అప్పటికే లాయరు ద్వారా హాజరై, ఆ కోర్టు పరిధిని ఒప్పుకుని ఉన్నారు. పైగా సాక్ష్యం నమోదు చేసి ఇచ్చిన ఎక్స్‌పార్టీ తీర్పు వస్తే ఈ వాదన నిలబడదు. అన్నిటికన్నా ముందు, కేసు వదిలేస్తే పాలసీదారుడు సహకరించలేదని గ్యారంటీ అసోసియేషన్ ఆ 3 లక్షలు కూడా ఇవ్వనంటుంది.

అభిప్రాయంలో ఇల్లు పోదని రాయలేదు. తేలిగ్గా పోదని, ఏళ్లు పడుతుందని, ఖర్చవుతుందని, చివరికి డిక్రీ నిలబడే అవకాశం మాత్రం ఉందని రాశాను. ఉన్న రిస్కును దాచి రాస్తే అవతలి లాయరు ఢిల్లీలో ఎవరినైనా ఒక్క ఫోన్‌లో అడిగి తెలుసుకుంటాడు. అప్పుడు మిగతా కాగితం మీద కూడా నమ్మకం పోతుంది. ఆ లేఖ రాజీ బల్ల మీదకు వెళ్లింది. ఏడాదిన్నర లాగి, పేషెంటు అసోసియేషన్ పరిమితికి కాస్త లోపలే ఒప్పుకుని డాక్టరమ్మకు పూర్తి విడుదల రాసిచ్చింది. సొంతంగా ఆమె పైసా కట్టలేదు. మునగని కంపెనీ దగ్గర నాలుగున్నర లక్షలు వచ్చేచోట పేషెంటుకు 3 లక్షల్లోపే వచ్చింది, అదీ రెండేళ్లు ఆలస్యంగా. క్లయింటు తరఫున చూస్తే గెలుపే. నష్టం ఎవరిదో ఫైలు చూస్తే తెలుస్తుంది.

ఫారంలో రాసిన ఒక్క పేరా

ఈ లోపల లిక్విడేటరుకు పంపాల్సిన ప్రూఫ్ ఆఫ్ క్లెయిమ్ ఫారం ఉంది. మొదటి క్లెయిమ్ ఎలాగూ అసోసియేషన్ చూస్తోంది కదా, ఇంకేం రాయాలి అన్నారు డాక్టరమ్మ. అసోసియేషన్ పరిమితి దాటి ఆమె కట్టాల్సి వస్తే ఆ తేడాను లిక్విడేటరు దగ్గర అడగాలంటే ఫారం ఉండాలి. ఆస్తులు పంచేటప్పుడు వరస ఇలా ఉంటుంది: ముందు లిక్విడేషన్ ఖర్చులు, తర్వాత పాలసీదారుల క్లెయిములు, ఆ తర్వాత ఫెడరల్ ప్రభుత్వం, మామూలు అప్పులవాళ్లు, చిట్టచివర వాటాదారులు. ప్రభుత్వం కన్నా పాలసీదారులు ముందుండటం చెల్లుతుందా అన్న తగువు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1993లో ఫేబ్ కేసులో పాలసీదారుల వరకు చెల్లుతుందని తేలింది. ఆఖరి తేదీ దాటి వేస్తే మాత్రం ఈ మంచి వరస పోతుంది, వెనక్కి నెట్టేస్తారు.

ఇంకో గడి ఉంది ఆ ఫారంలో. ఇంకా క్లెయిమ్ రాకపోయినా, రావచ్చని మీకు తెలిసిన ఘటనలు ఏమైనా ఉన్నాయా అని. డాక్టరమ్మ కాసేపు మాట్లాడలేదు. ఒక కాన్పు గుర్తుందన్నారు. తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కుంది, బిడ్డ చెయ్యి సరిగ్గా కదలలేదు, ఫిజియోథెరపీకి పంపారు, ఆ కుటుంబం తర్వాత ఊరు మారిపోయింది.

"రాస్తే నేను తప్పు చేశానని ఒప్పుకున్నట్టు కాదా లాయరు గారూ?" అని అడిగారు.

కాదన్నాను. తేదీ, ఆస్పత్రి, ఏం జరిగింది, బిడ్డ పరిస్థితి, అంతవరకే. తప్పు జరిగిందనో జరగలేదనో అందులో ఒక్క మాట వద్దు. ఇద్దరం కూర్చుని ఒక పేరా రాశాం. అక్కడి లాయరు రెండు మాటలు మార్చాడు. ప్రమాణ పత్రం మీద అమెరికా నోటరీ కావాలన్నారు. అప్పటికి హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ లేదు, చెన్నై వెళ్లాల్సిందే. ఆ వయసులో రాత్రంతా రైలెక్కి వెళ్లొచ్చారు ఆమె. ఈ కేసు మొత్తంలో అంతకన్నా లాభసాటి ప్రయాణం ఇంకోటి లేదు.

రెండో క్లెయిమ్

ఆర్డరు వచ్చి ఏడాది తిరిగాక ఆ బిడ్డ తరఫున నోటీసు వచ్చింది. ఆస్పత్రి మీద, డాక్టరమ్మ మీద. గ్యారంటీ అసోసియేషన్‌కు పంపితే వెంటనే కాదని రాసింది. ఆర్డరు నాటికి ఉన్న క్లెయిములు, ఆ తర్వాత 30 రోజుల్లోపు వచ్చినవి మాత్రమే తమ పరిధి అంది. టెయిల్ రద్దయిపోయింది, క్లెయిమ్ ఆ తర్వాత వచ్చింది. క్లెయిమ్స్ మేడ్ పాలసీలో ఘటన పాతదే అన్న వాదన పనికిరాదు. అక్కడి లాయరు ఒక లేఖ రాసి చూశాడు గానీ, పోరాడినా ఆ రాష్ట్రంలో గెలిచే వాదన కాదని ముందే చెప్పాడు.

అంటే ఈసారి డిఫెన్స్ లాయరు ఫీజు దగ్గర్నుంచి ఆమె సొంత డబ్బే. ఒక్క తేదీ ఇటుంటే 3 లక్షల డాలర్ల రక్షణ, అటుంటే సున్నా. మొదటి పేషెంటుకు, రెండో పేషెంటుకు మధ్య వైద్యంలో ఉన్న తేడా కన్నా ఈ తేడాయే పెద్దదైపోయింది.

కొంత కలిసొచ్చింది ఆస్పత్రి వల్ల. దాని బీమా వేరే కంపెనీది, నిలబడే ఉంది. బాధ్యత ఇద్దరి మీదా ఉమ్మడిగా ఉంది కాబట్టి, పూర్తిగా కట్టగలిగే స్థితిలో ఉన్నది ఆస్పత్రే కాబట్టి, పిల్లాడి తరఫు లాయరు అటువైపే గట్టిగా తగులుకున్నాడు. ఆస్పత్రి బీమా కంపెనీ డాక్టరమ్మ నుంచి కూడా వాటా రావాల్సిందేనని పట్టుబట్టింది. చివరికి రాజీలో ఆమె వాటా 60 వేల డాలర్లు, లాయరు ఫీజు దానికి అదనం. డబ్బు అమెరికాలోని పొదుపులోంచే కట్టారు, ఫ్లాట్ జోలికి పోలేదు.

అప్పుడు పనికొచ్చింది చెన్నై వెళ్లి సంతకం పెట్టిన ఆ పేరా. ఆఖరి తేదీకి ముందే ఆ ఘటన లిక్విడేటరు రికార్డులో ఉంది కాబట్టి, ఆమె కట్టిన 60 వేలను పాలసీదారుల వరసలో క్లెయిమ్‌గా ఒప్పుకున్నారు. రాయకపోయి ఉంటే ఆలస్యంగా వచ్చినదిగా వెనక వరసలోకి పోయేది. అక్కడికి చేరేసరికి సాధారణంగా ఏమీ మిగలదు. మొదటి పంపకం వచ్చేసరికి కొన్నేళ్లు గడిచాయి, వచ్చింది సగానికి తక్కువ. ఆ తర్వాత ఇంకో చిన్న చెక్కు వచ్చింది.

అన్ని దేశాల్లోనూ ఇలా ఉండదు. ఆస్ట్రేలియాలో డాక్టర్లకు అతి పెద్ద రక్షణ సంస్థ అయిన యునైటెడ్ మెడికల్ ప్రొటెక్షన్ 2002 మే నెలలో ప్రొవిజనల్ (తాత్కాలిక) లిక్విడేషన్‌లోకి వెళ్తే, డాక్టర్లు ఆపరేషన్లు ఆపేస్తామనే పరిస్థితి వచ్చి ఫెడరల్ ప్రభుత్వమే హామీ ఇచ్చి నిలబెట్టింది. నోటీసు రాని పాత ఘటనల బాధ్యతను కూడా ప్రభుత్వం నెత్తిన వేసుకుని, తర్వాత డాక్టర్ల నుంచి విడతలుగా వసూలు చేసే పథకం పెట్టింది. ఎక్కువమంది డాక్టర్లు ఒకే బుట్టలో ఉండటం వల్ల వచ్చిన బలం అది.

ఇదే విశాఖలో జరిగితే

ముందుగా ఒక మాట. 1995లో వి.పి. శాంత కేసు తీర్పు తర్వాత డబ్బు తీసుకుని చేసే వైద్యం కన్స్యూమర్ చట్టం కిందకు వస్తుందన్నది స్థిరపడింది. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రి మీద ప్రశాంత్ ధనంక కేసులో 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. కునాల్ సాహా కేసులో 2013లో వడ్డీ కాకుండానే దాదాపు 6 కోట్లు. కాబట్టి పాలసీ ఉత్తుత్తి కాగితం కాదు.

కానీ మన దగ్గర గ్యారంటీ అసోసియేషన్ లాంటిది లేదు. బ్యాంకు మునిగితే డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది. ఎల్‌ఐసీ పాలసీకి 1956 చట్టం 37వ సెక్షన్ కింద కేంద్రం హామీ ఉంది. జనరల్ ఇన్సూరెన్స్ పాలసీకి చట్టంలో ఈ రెండూ లేవు. బీమా కంపెనీలను కూడా కలుపుకుని రిజల్యూషన్ కార్పొరేషన్ పెడతామన్న ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లును 2017లో తెచ్చి 2018లో వెనక్కి తీసుకున్నారు. దివాలా స్మృతి, అదే ఐబీసీ, ఆర్థిక సేవల సంస్థలకు మామూలుగా వర్తించదు. 2019 నవంబరులో 227వ సెక్షన్ కింద బ్యాంకులు కాని పెద్ద ఫైనాన్స్ కంపెనీలైన ఎన్‌బీఎఫ్‌సీలను చేర్చారు గానీ అందులో బీమా కంపెనీలు లేవు. మిగిలింది 1938 బీమా చట్టం.

ఆ చట్టం ధోరణి మునగకముందే పట్టుకోవాలన్నది. కంపెనీ సాల్వెన్సీ నిష్పత్తి, అంటే ఉండాల్సిన కనీస మిగులుకు అసలున్న మిగులు ఎన్ని రెట్లో చెప్పే అంకె, 1.5 కన్నా తగ్గకూడదు. తగ్గితే గచ్చిబౌలిలోని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రంగంలోకి దిగుతుంది, కొత్త పాలసీలు ఆపగలదు, వ్యాపారాన్ని ఇంకో కంపెనీకి అప్పగించగలదు. జీవిత బీమాలో సహారా లైఫ్‌కు 2017లో అడ్మినిస్ట్రేటర్‌ను పెట్టి, 2023 జూన్‌లో దాని పాలసీలను ఎస్‌బీఐ లైఫ్‌కు అప్పగించాలని ఆదేశించింది. ప్రభుత్వ రంగంలోని నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా కంపెనీలు కొన్నేళ్ల పాటు ఆ 1.5 గీతకు కిందే ఉన్నాయి. ప్రభుత్వం పెట్టుబడి పోస్తూ నడిపింది. ప్రభుత్వ కంపెనీని మునగనివ్వరన్న నమ్మకం సహేతుకమే. అయితే అది నమ్మకం, చట్టం కాదు.

ఒకవేళ నిజంగా కంపెనీని మూసేసే వైండింగ్ అప్ దాకా వెళ్తే విశాఖ కన్స్యూమర్ కమిషన్‌లో నడుస్తున్న కేసు ఏమవుతుంది? డాక్టరు మీద ఆగదు. మోటారు వాహనాల చట్టంలో బాధితుడికి బీమా కంపెనీ మీద నేరుగా హక్కు ఉంది, వైద్యుల పాలసీలో అలాంటిది లేదు. కంపెనీని రెండో ప్రతివాదిగా చేర్చినా ఆర్డరు ప్రధానంగా డాక్టరు మీదే. విజయవాడలో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్లాలంటే 2019 చట్టం 41వ సెక్షన్ ప్రకారం తీర్పు మొత్తంలో సగం ముందు కట్టాలి. ఇప్పుడు చాలా కేసుల్లో అది కంపెనీయే కడుతోంది కాబట్టి డాక్టర్లకు దాని బరువు తెలియదు. కంపెనీ లేకపోతే 45 రోజుల్లో ఆ సగం డాక్టరే తేవాలి. ఆర్డరు అమలు చేయకపోతే 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు కూడా ఉంది.

ఇక్కడి పాలసీలు కూడా క్లెయిమ్స్ మేడ్ రకమే. అందుకే నర్సింగ్ హోమ్ వాళ్లు కంపెనీ మార్చేటప్పుడు నేను ప్రీమియం కన్నా ముందు రెట్రోయాక్టివ్ డేట్ చూస్తాను, అంటే ఏ తేదీ తర్వాత చేసిన వైద్యానికి పాలసీ వర్తిస్తుందో ఆ తేదీ. పాత కంపెనీ ఇచ్చిన తేదీనే కొత్త కంపెనీ కొనసాగించాలి. ప్రీమియం ఐదు వేలు తగ్గిందని కొత్త తేదీతో పాలసీ తీసుకుంటే, వెనక ఏళ్లలో చేసిన కాన్పులన్నీ కవర్ బయట పడతాయి. ఏదైనా ఘటన కాస్త తేడాగా అనిపిస్తే పాలసీ నడుస్తుండగానే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయమంటాను, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోమంటాను. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నే వీళ్లూ అడుగుతారు, ఒప్పుకున్నట్టు కాదా అని. ఆమెకు చెప్పిన జవాబే చెబుతాను.

రామ్‌నగర్‌లో ఒక మధ్యస్థాయి ఆస్పత్రి యాజమాన్యం ఈ ఫైలు సంగతి విని ఒక ఆలోచన చెప్పింది. కింద ఒక కంపెనీ పాలసీ, దాని మీద ఇంకో కంపెనీ ఎక్సెస్ పాలసీ తీసుకుంటే ఒకటి మునిగినా ఇంకోటి ఉంటుంది కదా అని. ఆలోచన మంచిదే. కానీ ఎక్సెస్ పాలసీ సాధారణంగా కింది పాలసీ మొత్తం చెల్లించాకే మొదలవుతుంది. కింది కంపెనీ మునిగి చెల్లించకపోతే ఆ ఖాళీని పూడ్చడానికి పై కంపెనీ కిందకు దిగదు. రెంటికీ మధ్య పడే గుంత ఆస్పత్రిదే. ఈ ఒక్క ప్రశ్న మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోమన్నాను. కిందకు దిగం అని కంపెనీ నుంచి రెండు వరుసల్లో జవాబు వచ్చింది. వాళ్లు ఎక్సెస్ పాలసీ మానుకుని, ఐదేళ్లుగా సాల్వెన్సీ 1.5 పైనే ఉన్న కంపెనీ దగ్గర కింది పాలసీ పరిమితినే పెంచుకున్నారు, పాత రెట్రోయాక్టివ్ డేట్‌తోనే.